లంకలో నేను చెప్పిన లెక్కల పాఠం

నాలుగేళ్ళ కిందటి జులైలో, గోదావరి ఎర్రనీళ్ళు తిరిగిన ఒక సోమవారం ఉదయం, నన్ను వారం రోజుల పాటు ఏటి మధ్యనున్న లంకకి డ్యూటీ వేస్తూ మా ప్రధానోపాధ్యాయులు రామభద్రరాజు గారు ఆర్డరు మీద సంతకం చేశారు. అప్పటికి నేను ఐనవిల్లి మండలంలో ఏటిగట్టుకి ఆనుకుని ఉన్న ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో స్కూల్ అసిస్టెంటుని. నా సబ్జెక్టు తెలుగు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా సంధులూ సమాసాలూ నేర్పడమే నా వృత్తి. ఆ తర్వాత రెండేళ్ళకే, మోకాళ్ళు నాకంటే ముందు రిటైరైపోవడంతో, వాటి వెనకాలే నేనూ స్వచ్ఛందంగా పదవీ విరమణ చేశాను. ఇప్పుడు తీరిక ఉంది కాబట్టి ఆ వారం సంగతి రాస్తున్నాను.

బడి వారం ఎలా నడుస్తుందో తెలియనివారికి ముందు అది చెప్పాలి. ఏడో తరగతికి రోజుకి ఎనిమిది పీరియడ్లు, వారానికి ఆరు రోజులు. మొత్తం నలభై ఎనిమిది. ఈ నలభై ఎనిమిదింటినీ తెలుగు, హిందీ, ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సాంఘికం అని పంచి, మిగిలిన తునకలు ఆటలకీ బొమ్మలకీ వేస్తారు. ఆ పంపకం చూస్తే అన్నదమ్ముల మధ్య కొబ్బరితోట పంపకం చాలా మర్యాదగా జరిగిందనిపిస్తుంది. లెక్కల వారికి పీరియడు చాలదు. సైన్సు వారికి అసలే చాలదు. తెలుగు వారి పీరియడు మాత్రం ఎప్పుడూ ఎక్కువే అని తక్కిన అందరి ఏకగ్రీవ అభిప్రాయం.

గోదావరికి వరదొస్తే లంకని ఒడ్డుతో కలిపే కాజ్‌వే మునుగుతుంది. కాజ్‌వే మునిగితే లంక పిల్లలు బడికి రాలేరు. మా బడికి వచ్చే లంక పిల్లల్లో ఏడో తరగతి వాళ్ళే పదకొండు మంది. తక్కిన తరగతుల్లో ఒకరూ అరా ఉన్నవాళ్ళు ఇవతలి ఒడ్డున చుట్టాలిళ్ళల్లో ఉండి వచ్చేవారు. ఈ పదకొండు మందికీ అంతమంది చుట్టాలు లేరు. మరో రెండు వారాల్లో ఫార్మేటివ్ పరీక్ష, అంటే ఏడాదిలో మొదటి చిన్న పరీక్ష ఉంది. అందుకని రామభద్రరాజు గారు ఒక ఉపాయం చేశారు. పిల్లలు పడవెక్కి రావడం ప్రమాదం కాబట్టి మాస్టారే పడవెక్కి వెళ్ళాలి. ఆరుగురినీ పంపితే ఇక్కడ బడి మూసుకోవాలి కాబట్టి వారానికి ఒక్కరే వెళ్ళాలి. ఆ ఒక్కరే అన్ని సబ్జెక్టులూ చెప్పాలి.

శనివారం, మొదటి వారానికి ఎవరన్న ప్రశ్న రాగానే స్టాఫ్ రూములో అయిదు జతల కళ్ళు నా మీదకి తిరిగాయి. తెలుగు పాఠం ఒక వారం ఆగితే ప్రపంచానికేం నష్టం లేదన్న సిద్ధాంతం అక్కడ నేను చేరకముందు నుంచీ ఉంది.

వెళ్ళే ముందు ప్రతి సబ్జెక్టు వారూ నాకో చీటీ ఇవ్వాలి. ఆ వారంలో ఏం చెప్పాలో అందులో ఉంటుంది. హిందీ మేడం చీటీలో ఒకే వాక్యం: "చదివించండి, అర్థం మాత్రం చెప్పకండి." సైన్సు మాస్టారి చీటీలో ఆమ్లాలు, క్షారాలు అని ఉంది. నిమ్మకాయ, సున్నం, పసుపు లంకలోనే దొరుకుతాయని కింద అభయం. సాంఘిక శాస్త్రం వారు వర్షపాతం చెప్పమన్నారు. ఇంగ్లీషు వారు ఒక పద్యం రాసిచ్చి, రాగం తీయవద్దని అడుగున రెండు గీతలు గీశారు. లెక్కల మేడం వరలక్ష్మి గారు మాత్రం దస్తా కాగితాలు రెండు, ఇరువైపులా రాసినవి, చేతిలో పెట్టారు. ఆవిడ అక్షరాలు కూడా స్కేలు పెట్టి కొలిచినట్టు ఉంటాయి.

"మాస్టారండీ, ఇందులో ఉన్నదున్నట్టు చెప్పండి చాలు. సొంత కవిత్వం మాత్రం వద్దండీ," అన్నారావిడ.

"ఆయ్, అలాగేనండి," అన్నాను.

ఇంకొక్క కాగితం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ప్రతి ఉపాధ్యాయుడికీ ఒక డైరీ ఉంటుంది. ఏ రోజు ఏ తరగతికి ఏం చెప్పాడో, ఎలా చెప్పాడో అందులో రాసి ప్రధానోపాధ్యాయుల చేత సంతకం చేయించుకోవాలి. నిబంధన ప్రకారం పాఠ్య ప్రణాళిక పాఠానికి ముందు, డైరీ పాఠానికి తర్వాత. నా అలవాటు ప్రకారం రెండూ ఆదివారం మధ్యాహ్నం, భోజనం తర్వాత, ఒకే ఊపులో. వచ్చే శనివారం దాకా నేను చెప్పబోయేదంతా చెప్పేసినట్టుగా, పిల్లలు నేర్చుకోబోయేదంతా నేర్చేసుకున్నట్టుగా, శుద్ధ గ్రాంథికంలో రాసేసేవాణ్ణి. లంక వారానికీ అలాగే రాశాను. సోమవారం ఉదయం రాజుగారు ఎర్ర సిరాతో సంతకాలు చేసేశారు. అంటే నేను పడవ ఎక్కకముందే ఆ వారం పాఠాలన్నీ ప్రభుత్వ రికార్డుల్లో దిగ్విజయంగా పూర్తయిపోయాయి.

పడవ ప్రయాణం పది నిమిషాలు. నాకు మాత్రం పదేళ్ళ సర్వీసు గడిచినట్టనిపించింది. నా సామాను ఒక నల్లబల్ల, సుద్దముక్కల డబ్బా, ఆరు పాఠ్యపుస్తకాలు, పులిహోర కారియరు, ఇద్దరు పట్టే గొడుగు. పడవ నడిపే ఆయన ఆ నల్లబల్ల వంక చూసి, "ములిగితే దీన్నట్టుకోండి మాస్టారూ, తేలతాది," అన్నాడు. విద్య మనిషిని ఒడ్డుకి చేరుస్తుందని అంత సూటిగా నాకు ఎవరూ చెప్పలేదు.

లంకలో బడి పెట్టింది తుఫాను షెల్టరులో. స్తంభాల మీద కట్టిన పెద్ద హాలు అది. కింద గేదెలు, పైన మేము. ఒక మూల పల్లపు ఇళ్ళవాళ్ళ బియ్యం బస్తాలు, మంచాలు, ఒక కుట్టు మిషను. పుస్తకాలు తడవకుండా పిల్లలు ఇళ్ళల్లో అటకల మీద పెట్టేసి వచ్చారు కాబట్టి పదకొండు మందికీ కలిపి నా దగ్గరున్న ఒక్క సెట్టే గతి. బెంచీలు లేవు. గంట లేదు. పీరియడు ఎప్పుడు అయిపోయిందో కింది గేదె అరిచినదాన్ని బట్టి తేల్చుకునేవాళ్ళం.

ఆ మొదటి మూడు రోజులూ తలుచుకుంటే ఇప్పటికీ ఆ హాల్లో తడి సిమెంటు వాసన తగులుతుంది. సోమవారం తెలుగు చెప్పాను. ముప్పై ఏళ్ళలో నా పాఠానికి మధ్యలో ఎవరూ లేచి వెళ్ళకపోవడం అదే మొదలు. చుట్టూ నీళ్ళే కదా. మంగళవారం వర్షపాతం. కిటికీలోంచి చూపిస్తే సరిపోయింది. పాఠం మధ్యలో నాగదుర్గ అనే పిల్ల లేచి, "వాన ఎక్కడ కురిసిందో అక్కడోళ్ళకి వరద రాకుండా మాకెందుకొస్తాదండీ?" అని అడిగితే, ఆ ఒక్క ప్రశ్న మీదే నది పుట్టిన కొండల నుంచి మా కాజ్‌వే దాకా సుద్దతో నేల మీద గీసుకుంటూ వచ్చాం. బుధవారం పసుపు నీళ్ళలో సున్నం కలిపి ఎర్రగా మారుతుంటే పదకొండు మందీ కేకలు వేశారు. కుట్టు మిషను తాలూకు ఇల్లాలు పరిగెత్తుకొచ్చి, ఎవరికి దిష్టి తీస్తున్నామని అడిగింది.

ఈ నాగదుర్గ గురించి ఒక మాట. తండ్రి దోహాలో పని చేస్తాడు. తల్లి అరటి తోటలో కూలికి వెళుతుంది. ఏడో తరగతికి లీడరు. ప్రశ్న అడగకుండా పీరియడు గడిస్తే ఆ పిల్లకి అన్నం అరగదు.

గురువారం లెక్కలు. పాఠం సమాంతర చతుర్భుజం వైశాల్యం. దీర్ఘచతురస్రాన్ని ఒక పక్కకి ఒరగదోస్తే వచ్చే ఆకారం అది. ఎదురెదురు భుజాలు సమానం, కాని మూలలు నిటారుగా ఉండవు. అడుగు భుజాన్ని నిట్టనిలువు ఎత్తుతో గుణించాలి అని వరలక్ష్మి గారి కాగితంలో ఉంది. ఉన్నదున్నట్టు చదివాను. పటం వేశాను. పిల్లలకి అర్థమవ్వాలని, ఇదొక పొలం అనుకోమన్నాను. ఆవిడ వద్దన్న కవిత్వం అక్కడే మొదలైంది.

నాగదుర్గ లేచింది. "మాస్టారండీ, పొలం బల్లపరుపుగా ఉంటాది కదండీ. దానికి ఎత్తెక్కడుంటాదండీ?"

జవాబు కోసం కాగితం తిరగేశాను. వెనక వైపూ లేదు. పదకొండు జతల కళ్ళు నన్ను చూస్తున్నాయి. అవతల గోదావరి కూడా ఒక్క క్షణం ఆగి చూసిందేమో అనిపించింది. సంధి విడదీయమంటే ఏడు సముద్రాలు దాటి వస్తాను గాని, పొలం ఎత్తు ఎక్కడని అడిగితే నేనెక్కడికి పోయేది?

ఆ సమయానికి వరండాలో కూర్చుని గేదెలకి పలుపు తాళ్ళు పేనుకుంటున్న ఏడుకొండలు గారు గొంతు సవరించుకున్నారు. ఆయన లంకలో కాస్త పేరున్న రైతు. అరటి, కంద పండిస్తారు.

"ఇంత చదువుకున్నోరు, ఆ మాత్రానికి అంత ఇదవుతారేటండీ మాస్టారూ. ఉత్తరపు గట్టూ దక్షిణపు గట్టూ కలిపి సగం చెయ్యండి. తూర్పు గట్టూ పడమర గట్టూ కలిపి సగం చెయ్యండి. ఆ రెండూ గుణించెయ్యండి. అయిపోయె! మా తాత కాడ్నించీ ఈ లంకలో ఇదేనండి కొలత."

వినడానికి ఎంత హాయిగా ఉందో! ఎత్తు గొడవే లేదు. అయినా నేను బాధ్యత గల ఉపాధ్యాయుణ్ణి కాబట్టి సరిచూడకుండా ఒప్పుకోలేదు. పిల్లల చేత ఆ హాలు నాలుగు గోడలూ అడుగులతో కొలిపించాను. గట్ల లెక్కన చేశాం. నేల మీద అడుగుకొకటి పరిచిన సిమెంటు పలకలు లెక్కబెట్టి చూశాం. రెండూ అచ్చు గుద్దినట్టు సరిపోయాయి. సరిపోకేం చేస్తాయి, ఆ హాలు నిటారు మూలల దీర్ఘచతురస్రం. ఒరిగిపోయిన పొలం ఒక్కటైనా కొలిచి చూడాలన్న ఊహ నాకు రాలేదు. వచ్చినా, ఆ రోజు లంకలో పొలాలన్నీ నీళ్ళ అడుగున ఉన్నాయి.

నలభై నిమిషాల్లో పదకొండు మందికీ గట్ల లెక్క కంఠతా వచ్చేసింది. నా సర్వీసులో అంత తొందరగా ఎక్కిన పాఠం మరొకటి లేదు. శనివారం సాయంత్రం విజేతలా ఒడ్డు దిగాను. వరలక్ష్మి గారు ఎలా జరిగిందని అడిగితే, "పిల్లలు లెక్కల్లో వజ్రాలండీ," అని ఆవిడకి కితాబు కూడా ఇచ్చాను.

ఆ సోమవారానికి నీళ్ళు తీశాయి. పిల్లలు బడికొచ్చారు. అనుకున్న తేదీకే ఫార్మేటివ్ పరీక్ష జరిగింది. మర్నాడు మధ్యాహ్నం స్టాఫ్ రూములో నేను టీ తాగుతుండగా, పేపర్లు దిద్దుతున్న వరలక్ష్మి గారు కలం బల్ల మీద పెట్టారు. పెట్టారంటే మామూలుగా కాదు. పక్క గదిలో ఆరో తరగతి అల్లరి ఆగిపోయింది.

"పదకొండు కాగితాలండీ! పదకొండింట్లోనూ అరవయ్యే! జవాబు యాభై. పక్కవాడిది చూసి రాసినా ఒకడో ఇద్దరో దారి తప్పుతారండీ. వీళ్ళు రైలుపెట్టెల్లాగ ఒకళ్ళ వెనకాల ఒకళ్ళు వెళ్ళేరు చూడండి. పైగా పుస్తకంలో లేని లెక్కండీ ఇది. ఉత్తరపు గట్టు, దక్షిణపు గట్టు అని రాసేరు. లెక్కల పేపర్లోకి గట్లెక్కడివండీ!"

నోట్లో ఉన్న టీ నోట్లోనే ఉండిపోయింది. రాజమండ్రి వంతెన మీద ప్యాసింజరు రైలు ఈ చివర నుంచి ఆ చివరకి పోయేంత సేపు దాన్ని మింగలేదు. పది పొడవు, ఆరు వాలు, అయిదు ఎత్తు. పదిని అయిదుతో గుణించాల్సిన చోట మా వాళ్ళు వాలుగా ఉన్న ఆరుతో గుణించారు. నేను చెప్పినట్టే, అక్షరం పొల్లుపోకుండా.

అదే మాట అప్పుడే అనేస్తే ఈ జ్ఞాపకం ఇక్కడితో అయిపోయేది. నేను అనలేదు. ఎందుకంటే రామభద్రరాజు గారు నా డైరీ తెప్పించారు. గురువారం పేజీ తీసి, అందరికీ వినిపించేలా చదివారు: "సమాంతర చతుర్భుజ వైశాల్యమును పాదము, ఎత్తుల లబ్ధముగా మూడు ఉదాహరణలతో విశదపరచితిని. విద్యార్థులు మిక్కిలి చక్కగా గ్రహించిరి." అడుగున ఆయన సంతకమే ఎర్రగా ఉంది.

"తెలుగు మాస్టారు ఇంత వివరంగా చెప్పేక కూడా ఇలా రాసేరంటే ఇంకేం చెప్తాం," అన్నారాయన. "ఎవడో ఒకడు మొదలెట్టేడు, మిగతావాళ్ళు చూసేరు."

పదకొండు మంది పిల్లలు తప్పు చేశారనడానికి సాక్ష్యం నా దస్తూరీలో ఉంది. ఆదివారం మధ్యాహ్నం నిద్రమత్తులో రాసిన సాక్ష్యం.

రాజుగారు కఠినుడు కాదు, క్రమం తప్పనివారు. పదకొండు జవాబు పత్రాల పై అట్ట మీద "చూచిరాత" అని వేయించి లెక్కల్లో సున్నా ఇవ్వాలన్నారు. శుక్రవారం తల్లిదండ్రుల్ని పిలిపించి చెప్పాలన్నారు. ఇక మీదట పరీక్షలకి లంక పిల్లల్ని విడిగా వరండాలో కూర్చోబెట్టాలన్నారు. ఆ మాట గోడ దాటడానికి ఎంతసేపు? ఆఖరి పీరియడుకే మిగతా పిల్లలు "కాపీ లంక, కాపీ లంక" అని పాట కట్టేశారు. అసలే వరద వచ్చిన ప్రతిసారీ, ఈ బడి మాన్పించేద్దామా అని లంకలో రెండిళ్ళ వాళ్ళు ఆలోచించేవారు. వాళ్ళకి ఇంతకంటే మంచి సాకు దొరకదు.

ఆ సాయంత్రం సైకిలు తొక్కుకుంటూ ఇంటికి వెళుతూ నాకు నేను చెప్పుకున్న సాకులు రాస్తే మరో పుస్తకమవుతుంది. చిన్న పరీక్షే కదా. మళ్ళీ సంవత్సరాంతానికి ఎవరికి గుర్తుంటుంది. డైరీ తప్పని తేలితే మెమో వస్తుంది. మెమో వస్తే సర్వీసు రిజిస్టరుకెక్కుతుంది. ఇంట్లో మా ఆవిడకి జరిగిందంతా చెప్పాను. ఆవిడ కూర తరగడం ఆపకుండానే, "అయితే ఆ పిల్లలకి మీరు సున్నా వేయించేరన్నమాట," అంది.

మర్నాడు రెండో పీరియడులో పదకొండు మందినీ ఆఫీసు రూముకి పిలిపించారు. వరలక్ష్మి గారూ నేనూ పక్కన నిలబడ్డాం.

"ముందెవరు రాసేరు, ఎవరు చూసేరు? నిజం చెబితే నేనేం అననమ్మా," అన్నారు రాజుగారు.

నాగదుర్గ ఒకడుగు ముందుకొచ్చింది. "ఎవరూ చూళ్ళేదండీ."

"మరందరికీ అరవై ఎలా వచ్చిందమ్మా?"

"లెక్క చేస్తే అరవయ్యే వస్తాదండీ. గట్ల లెక్కండీ అది."

"ఆ గట్ల లెక్క ఎవరు నేర్పేరు మీకు?"

నాగదుర్గ నోరు తెరిచి, నా వంక ఒకసారి చూసి, మూసేసింది. తక్కిన పదిమందీ కూడా నేల చూపులు చూశారు. మాస్టారి పేరు హెడ్మాస్టరు గారి ముందు ఎలా చెబుతారు? నా మర్యాద కాపాడడానికి పదకొండు మంది కాపీ కొట్టినవాళ్ళుగా మిగిలిపోవడానికి సిద్ధపడ్డారు. పన్నెండేళ్ళ పిల్లలు అంత బరువు మోస్తుంటే, వాళ్ళకంటే నలభై ఏళ్ళు పెద్దవాణ్ణి చేతులు కట్టుకుని చూస్తూ నిలబడలేకపోయాను.

"నేనేనండి," అన్నాను.

"మీరేంటి మాస్టారూ?"

"నేర్పింది నేనేనండి. డైరీ ఆదివారం రాసేను. పాఠం గురువారం చెప్పేను. ఆ రెండిటికీ సంబంధం లేదండి."

రాజుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు. నేనింకా అక్కడే ఉన్నాను. వరలక్ష్మి గారు నా వైపు తిరిగారు.

"సొంత కవిత్వం వద్దని చెప్పేనా లేదా అండీ?"

"చెప్పేరండి. అయితే ఇది నా సొంతం కాదండి. ఏడుకొండలు గారి తాతగారిదండి."

పిల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడకి మాత్రం నవ్వు రాలేదు. ఆఫీసు మూలనున్న చీపురులోంచి కొబ్బరి ఈనెలు రెండు పీకి, కొలిచి తుంచి నాలుగు ముక్కలు చేశారు. రెండు పొడుగువి, పదేసి అంగుళాలు; రెండు పొట్టివి, ఆరేసి. ఫైళ్ళు కట్టే దారంతో నాలుగు మూలలూ వదులుగా ముడేశారు. బల్ల మీద దాన్ని నిటారుగా నిలిపితే దీర్ఘచతురస్రమైంది.

"ఇది మీ మాస్టారి పొలం. గట్ల లెక్కన ఎంతే?"

"అరవయ్యండీ," అంది నాగదుర్గ.

ఆవిడ ఒక మూల పట్టుకుని మెల్లగా పక్కకి నొక్కారు. పొలం ఒరిగింది. "గట్లేవైనా మారేయా?" లేదండీ. "లోపల చోటు?" తగ్గిందండీ. ఇంకా నొక్కారు. ఇంకా తగ్గింది. చివరికి నాలుగు ఈనెలూ ఒకదాని మీద ఒకటి పడి, మళ్ళీ చీపురుకట్టలా అయిపోయింది.

"ఇప్పుడు గట్ల లెక్కన ఎంత?"

నాగదుర్గ లెక్క వేసుకుంది. "అరవయ్యేనండీ."

"పొలం ఏదీ?"

"లేదండీ." ఆ పిల్ల ఒక పొట్టి ఈనెని తనే పైకి లేపి, పై గట్టు నుంచి కింది గట్టుకి తిన్నగా వేలు దించింది. "ఎత్తంటే ఇదాండీ?"

"అదేనే తల్లీ," అన్నారు వరలక్ష్మి గారు. లంకలో నేను రెండు కాగితాలూ తిరగేసి వెతికిన జవాబు అది.

తర్వాత జరిగినదంతా పద్ధతి ప్రకారం జరిగింది. పై అట్టల మీద "చూచిరాత" అన్నది కొట్టేసి, పక్కన రాజుగారు పొట్టి సంతకం చేశారు. తల్లిదండ్రుల పిలుపు రద్దయింది. వరండా ఆలోచనా రద్దయింది. ఆ మధ్యాహ్నం ప్రార్థనా స్థలంలో ఏడో తరగతి మొత్తాన్ని నిలబెట్టి, తప్పు లంక పిల్లలది కాదు, నాది అని నేనే చెప్పాను. ఆ పాట అక్కడితో ఆగింది. నా మీద కొత్త పాట కట్టారు, అది వేరే సంగతి. మార్కుల విషయంలో వరలక్ష్మి గారు మెత్తబడలేదు. కాపీ కాదు కాబట్టి పేపరంతటికీ సున్నా ఉండదనీ, జవాబు తప్పు కాబట్టి ఆ ప్రశ్నకి మార్కులూ ఉండవనీ తేల్చారు. మాస్టారు చెప్పినట్టే రాశారు కదా, అరమార్కైనా వేయమని నేను బతిమాలితే, ఆ అరమార్కు నాకు వేస్తానన్నారు.

నాకు మెమో వచ్చింది. మూడు రోజుల్లో సంజాయిషీ రాసివ్వాలి. నేను నాలుగు పేజీలు రాశాను. రాజుగారు తిప్పి పంపి, ఉపమానాలు తీసేసి అరపేజీలో ఇమ్మన్నారు. ఇచ్చాను. ఫైలులో ఇప్పటికీ ఉండే ఉంటుంది.

ఆ ఆదివారం పడవేసుకుని లంకకి వెళ్ళాను. ఈసారి ఆర్డరు లేదు, నల్లబల్ల లేదు. జేబులో వరలక్ష్మి గారి ఈనెల పొలం ఉంది. ఏడుకొండలు గారు మేట వేసిన ఒండ్రులోంచి అరటి పిలకలు తవ్వుకుంటున్నారు. గట్టు మీద కూర్చోబెట్టి చూపించాను. ఆయన దాన్ని చేతుల్లోకి తీసుకుని అటు నొక్కారు, ఇటు నొక్కారు. వాలుగా ఉన్న తన పొలం చెక్క వైపు ఒకసారి, ఈనెల వైపు ఒకసారి చూశారు.

"అయితే మా తాత కాడ్నించీ లేని నేల దున్నుతున్నామన్నమాట," అన్నారు చివరికి. "పోన్లెండి మాస్టారూ. ఏటేటా గోదారి కోసుకుపోయేదాని ముందు మీ లెక్క కోసిందెంతండీ." అరటి గెల నుంచి ఒక అత్తం పళ్ళు కోసి నా చేతిలో పెట్టి, లెక్కల మేడంగారికి ఇవ్వమన్నారు. నాకని ప్రత్యేకంగా ఏమీ ఇవ్వలేదు.

పిల్లల్లోంచి ఆ గట్ల లెక్క తీసేయడానికి వరలక్ష్మి గారికి నాలుగు పీరియడ్లు పట్టింది. ఆ నాలుగూ తెలుగు పీరియడ్లే, నేనే ఇచ్చుకున్నాను. అర్ధసంవత్సర పరీక్షలో అదే ప్రశ్న అంకెలు మార్చి మళ్ళీ వచ్చింది. తొమ్మిది మంది సరిగ్గా రాశారు. ఒకడు గట్లే నమ్ముకున్నాడు. నాగదుర్గ సరైన జవాబు రాసి, కింద ఇంకో వాక్యం చేర్చింది: "గట్ల లెక్కన వేరే జవాబు వచ్చును గాని పొలము ఒరిగినప్పుడు ఆ లెక్క పనికిరాదు." పరీక్ష పేపర్లో అంత శుద్ధమైన తెలుగు వాక్యం రాసినందుకు నేను పొంగిపోతుంటే, అది లెక్కల మార్కు అని వరలక్ష్మి గారు పేపరు లాక్కున్నారు.

నా సబ్జెక్టు కాని పాఠం చెప్పవలసి వచ్చినప్పుడల్లా, ఆ తర్వాత, ముందు ఆ సబ్జెక్టు వారి ఎదుట నిలబడి ఒకసారి ఒప్పజెప్పి వెళ్ళేవాణ్ణి. పిల్లలు అడిగినదానికి జవాబు తెలియకపోతే తెలియదని చెప్పి మర్నాడు కనుక్కుని వచ్చేవాణ్ణి. నాకు తెలియదన్న సంగతి వాళ్ళు మర్నాటికి మరిచిపోయేవారు. నేను ధీమాగా చెప్పిన తప్పు మాత్రం పరీక్ష కాగితం దాకా జాగ్రత్తగా మోసుకెళ్ళిన పదకొండు మందిని చూశాను. డైరీలో ఏ రోజు పేజీ ఆ రోజు ఆఖరి గంట కొట్టాకే రాసేవాణ్ణి. మధ్యాహ్నం తనిఖీకి వచ్చినవారికి ఆ పేజీ ఖాళీగా కనబడి, రెండుసార్లు మెమో ఇచ్చారు. రెండూ పుచ్చుకున్నాను.